రక్తం పోతున్న మనిషికి ముందు ఏది ఎక్కించాలి: సెలైనా, ప్యాక్డ్ సెల్సా, ప్లాస్మానా, హోల్ బ్లడ్డా?

డ్యూటీలో చేరిన కొత్తలో నేను చేసిన పని ముందు చెప్పేస్తాను. బైక్ యాక్సిడెంట్ కేసు. బీపీ 80 దగ్గర ఊగుతోంది, పల్స్ 130. రెండు చేతులకీ క్యాన్యులాలు (నరంలోకి దించే గొట్టాలు) పెట్టి, రెండు సెలైన్ బాటిళ్లు తగిలించి, చేత్తో పిసికి మరీ ఎక్కించాం. బీపీ 110కి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో తొడకి కట్టిన కట్టు మళ్లీ తడిసింది. ఈసారి కారుతున్నది రక్తంలా లేదు, కుంకుమ కలిపిన నీళ్లలా ఉంది, గాజుగుడ్డ మీద పడి కూడా గడ్డ కట్టడం లేదు. బీపీ 70. నేను మూడో బాటిల్ అందుకుంటుంటే మత్తు డాక్టర్ నా చెయ్యి పట్టుకుని, "ఆయన ఒంట్లో కాస్త రక్తం మిగలనివ్వు" అన్నారు.

అప్పటికి నాకు తెలిసిందల్లా బీపీ పడితే ఫ్లూయిడ్ ఎక్కించాలి అనే. ఏ ఫ్లూయిడ్, ఎంత, ఎప్పటిదాకా అన్న ప్రశ్నలు ఆ రాత్రి తర్వాతే మొదలయ్యాయి. ఇదే అయోమయంలో ఉన్న హౌస్ సర్జన్లు, క్యాజువాల్టీ డ్యూటీ డాక్టర్లు, ఎమర్జెన్సీ నర్సులు, అంబులెన్స్ సిబ్బంది కోసం ఇది రాస్తున్నాను. మీ ఆసుపత్రికి రాసి పెట్టుకున్న ప్రొటోకాల్ ఉంటే ముందు అదే. దాని వెనక ఉన్న లెక్క ఏమిటో తెలియడానికి, ప్రొటోకాల్ లేని చోట ఒకటి రాసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఎంచుకునే ముందు ఏం చూడాలి

మొదటి ప్రశ్న సంచిలో ఏముందన్నది కాదు, కారేది ఆగిందా లేదా అన్నది. చేత్తో నొక్కి పట్టడం, కాలికో చేతికో టోర్నికెట్ (రక్తం ఆపే పట్టీ) బిగించడం, కటి ఎముకలు విరిగాయన్న అనుమానం ఉంటే బైండర్ కట్టడం, కడుపులోనో ఛాతీలోనో కారుతుంటే ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) పరుగెత్తించడం. కింద చెప్పబోయే వాటిలో ఏదీ వీటికి బదులు కాదు. చిల్లు కుండలో ఏ నీళ్లు పోసినా ఒకటే.

రెండోది, ఎక్కించేది ఒంట్లో ఏం పని చేస్తుంది? ఆక్సిజన్ మోయడం, గడ్డ కట్టించడం, నాళాలు నింపడం అని మూడు పనులున్నాయి. పోయిన రక్తం మూడూ చేసేది. సెలైన్ మూడోది మాత్రమే చేస్తుంది, అదీ కాసేపే.

మూడోది, చేతికి అందడానికి ఎన్ని నిమిషాలు? పుస్తకంలో అన్నిటికన్నా మంచిదైనా, అది నలభై నిమిషాల తర్వాత వచ్చేదైతే ఈ పది నిమిషాలకి దాని విలువ సున్నా.

నాలుగోది, అది చేసే చెడు. తీవ్రంగా గాయపడ్డ వాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది ఆసుపత్రికి వచ్చేసరికే వాళ్ల రక్తానికి గడ్డ కట్టే గుణం దెబ్బతిని ఉంటుంది, మనం ఒక్క చుక్క ఎక్కించకముందే. దాని మీద మనం చల్లటి ద్రవం పోస్తే ఒళ్లు చల్లబడుతుంది, ఉప్పు నీళ్లు పోస్తే ఆమ్లత్వం పెరుగుతుంది, ఏ నీళ్లు పోసినా గడ్డ కట్టించే ప్రోటీన్లు పలచబడతాయి. చలి, ఆమ్లత్వం, గడ్డ కట్టకపోవడం ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ట్రామాలో (గాయాల వైద్యంలో) దీన్నే లీథల్ ట్రయాడ్ అంటారు. ఈమధ్య కాల్షియం తగ్గడాన్ని కూడా కలిపి నాలుగంటున్నారు, న్యాయమే.

ఐదోది, తలకి దెబ్బ ఉందా? ఉంటే లెక్కలన్నీ మారిపోతాయి. దాని గురించి కింద విడిగా రాశాను.

ఇంకో మాట. ముందు ఈ మనిషి నిజంగా రక్తం పోయి షాక్‌లో ఉన్నాడని తేలాలి. ఛాతీలో గాలి ఒత్తిడి పెరిగినా (టెన్షన్ న్యూమోథొరాక్స్), గుండె చుట్టూ రక్తం చేరినా, వెన్నుపాము తెగినా బీపీ పడుతుంది. వాటికి మందు వేరు. మరోవైపు వయసులో ఉన్నవాళ్లు ఒంట్లో రక్తం మూడో వంతు దాకా పోయినా బీపీని నిలబెట్టుకుంటారు, తర్వాత ఒక్కసారిగా కూలిపోతారు. అందుకే బీపీ ఒక్కటే చూడకుండా పల్స్‌ని పై బీపీతో భాగించి చూడండి. 1 దాటితే జాగ్రత్త పడాలి. పెద్ద ఎత్తున రక్తం అవసరమవుతుందా అని ఊహించడానికి ఏబీసీ స్కోరు సులువు: లోపలికి దిగిన గాయం, పై బీపీ 90 లేదా అంతకన్నా తక్కువ, పల్స్ 120 లేదా ఎక్కువ, ఫాస్ట్ స్కాన్‌లో (మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్) ద్రవం కనపడడం. ఒక్కోదానికి ఒక మార్కు. రెండొస్తే బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చెయ్యండి. ఇందులో ఒక్క ల్యాబ్ పరీక్ష కూడా లేదు, దీని గొప్పతనం అదే.

ఒక్క చూపులో

| ఏది | ఆక్సిజన్ మోస్తుందా | గడ్డ కట్టిస్తుందా | చేతికి ఎంతసేపట్లో | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|---|
| సెలైన్, రింగర్ లాక్టేట్ | లేదు | లేదు, పైగా పలచన చేస్తుంది | వెంటనే | ఎక్కువైతే వాపు, చలి, ఆమ్లత్వం |
| ప్యాక్డ్ సెల్స్ (రక్తం నుంచి విడగొట్టిన ఎర్ర కణాలు) ఒక్కటే | మోస్తుంది | లేదు | ఓ గ్రూప్ ఫ్రిజ్‌లో ఉంటే నిమిషాల్లో | సిట్రేట్ (సంచిలో రక్తం గడ్డ కట్టకుండా కలిపేది), చలి, పొటాషియం |
| ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) ఒక్కటే | లేదు | కట్టిస్తుంది | ఫ్రీజర్‌లో పెట్టినదైతే కరగడానికి 20–30 నిమిషాలు | ఆ ఆలస్యమే |
| ప్యాక్డ్ సెల్స్, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు (గడ్డ కట్టించే కణాలు) 1:1:1 | మోస్తుంది | కట్టిస్తుంది | పెద్ద సెంటర్‌లో త్వరగా, చిన్నచోట కష్టం | మనుషులు, సంచులు, గందరగోళం |
| హోల్ బ్లడ్ (విడగొట్టని రక్తం) | మోస్తుంది | కట్టిస్తుంది | నిల్వ ఉంటే వెంటనే | నిల్వ ఉంచడమే |

సెలైన్, రింగర్ లాక్టేట్

ఇవి అన్నిచోట్లా ఉంటాయి, వీటికి గ్రూప్ చూడక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అందుకే చెయ్యి ముందు వీటి మీదికే పోతుంది. ఎక్కించినదాంట్లో పెద్ద భాగం గంట తిరిగేసరికి నాళాలు దాటి కణజాలంలోకి వెళ్లిపోతుంది. బీపీ పెరిగిందని మనం సంబరపడుతుంటే అప్పుడే కట్టుకున్న గడ్డ ఆ ఒత్తిడికి ఊడిపోతుంది. నాకు జరిగింది సరిగ్గా ఇదే.

1994లో ఛాతీకో కడుపుకో కత్తి పోటో తుపాకీ దెబ్బో తగిలి బీపీ పడిపోయిన 598 మంది మీద ఒక పరీక్ష జరిగింది. దారిలోనే ఫ్లూయిడ్ మొదలుపెట్టిన వాళ్లలో 62 శాతం బతికారు, ఓటీకి చేరేదాకా ఆపినవాళ్లలో 70 శాతం. అది నగరం మధ్యలో, ఓటీ దగ్గర్లో ఉన్నచోట, లోపలికి దిగిన గాయాలకి చేసిన పరీక్ష. దాన్ని పట్టుకుని గంటన్నర దూరంలో ఉన్న యాక్సిడెంట్ కేసుకి చుక్క కూడా ఇవ్వొద్దనడం తప్పే. అయినా దాని తర్వాత ఆలోచన మెల్లగా మారింది. ఒకప్పుడు డాక్టర్లకి ట్రామా వైద్యం నేర్పే ఏటీఎల్ఎస్ కోర్సులో రెండు లీటర్లు గబగబా ఎక్కించమని నేర్పేవారు, 2018లో వచ్చిన పదో ఎడిషన్ నాటికి అది ఒక లీటరుకి తగ్గింది.

రెండిట్లో ఏదంటే, తలకి దెబ్బ లేకపోతే రింగర్ లాక్టేట్. సెలైన్‌లో క్లోరైడ్ లీటరుకి 154 మిల్లీమోల్, మన రక్తంలో ఉండేది 100కి కాస్త అటూఇటూ, రింగర్‌లో 109. లీటర్ల కొద్దీ సెలైన్ పోస్తే ఆ క్లోరైడే ఆమ్లత్వాన్ని పెంచుతుంది, షాక్ వల్ల వచ్చిన ఆమ్లత్వానికి మనం ఇంకొంచెం చేర్చినట్టు. తలకి దెబ్బ ఉంటే మాత్రం సెలైన్, ఎందుకంటే రింగర్ రక్తం కన్నా కొంచెం పలచన, మెదడు వాపు పెరిగే ప్రమాదం ఉంది. రింగర్ పోతున్న లైన్‌లోనే రక్తం కలపకండి. అందులోని కాల్షియం రక్తపు సంచిలోని సిట్రేట్‌తో కలిసి లైన్‌లోనే గడ్డలు కట్టొచ్చు.

స్టార్చ్ ద్రవాల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు: ట్రామాలో వాటికి చోటు లేదు, కిడ్నీలకి చేటు. ఆల్బుమిన్ కూడా తలకి దెబ్బ తగిలిన వాళ్లలో సెలైన్ కన్నా ఎక్కువ మరణాలకి దారితీసింది, కాబట్టి అదీ వద్దు.

వాడే పద్ధతి ఏమిటంటే, 250 మి.లీ. ఇచ్చి చూడండి. మణికట్టు దగ్గర నాడి తగిలిందా, మాట్లాడుతున్నాడా? ఆగండి. లేదా? ఇంకో 250. సెలైన్ వంతెన లాంటిది, అవతలి ఒడ్డున రక్తమో ఓటీయో ఉన్నప్పుడే దానికి అర్థం.

ప్యాక్డ్ సెల్స్ ఒక్కటే

చాలా చోట్ల రక్తం అంటే ఇదే. ఆక్సిజన్ మోసే పని బాగా చేస్తుంది. ఓ గ్రూప్ ప్యాకెట్లు క్యాజువాల్టీ ఫ్రిజ్‌లోనే రెండో నాలుగో పెట్టుకున్న చోట్ల ఐదు నిమిషాల్లో తగిలించేయొచ్చు. పూర్తి క్రాస్ మ్యాచ్ (ఆ రక్తం రోగికి సరిపడుతుందో చూసే పరీక్ష) కోసం కూర్చుంటే ముప్పావుగంట పడుతుంది, ఇలాంటి మనిషికి అంత టైమ్ లేదు. ఓ నెగటివ్ అందరికీ పనికొస్తుంది కానీ దొరకడం కష్టం. కాబట్టి పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లకి, ఆడపిల్లలకి అది దాచి, మగవాళ్లకీ వయసు మళ్లిన ఆడవాళ్లకీ ఓ పాజిటివ్ ఇస్తే నష్టం లేదు. మొదటి ప్యాకెట్ తగిలించే ముందే గ్రూపింగ్‌కి శాంపిల్ తీసెయ్యండి. నాలుగు ప్యాకెట్లు ఎక్కాక తీస్తే ల్యాబ్‌లో వాళ్లు తల పట్టుకుంటారు.

ఇబ్బంది ఏమిటంటే ఇందులో గడ్డ కట్టించేవి లేవు. ప్యాక్డ్ సెల్స్ మీద ప్యాక్డ్ సెల్స్ ఎక్కిస్తూ పోతే హిమోగ్లోబిన్ రిపోర్ట్ బాగుంటుంది, కారడం ఆగదు. సెలైన్ చేసే తప్పునే ఇది కాస్త ఆలస్యంగా చేస్తుంది. అందుకే ప్లాస్మా అసలు దొరకని చోటయితే తప్ప, ప్యాక్డ్ సెల్స్ అడిగిన ఫోన్‌లోనే ప్లాస్మా కూడా కరిగించమని చెప్పండి.

ప్లాస్మా

దీని గురించి జనం రెండు వర్గాలుగా చీలిపోవడానికి కారణం 2018లో వచ్చిన రెండు పరీక్షలు. పాంపర్ అనే దాంట్లో హెలికాప్టర్‌లో తెస్తుండగానే రెండు యూనిట్ల ప్లాస్మా ఎక్కించారు, మొత్తం 501 మంది రోగులు. నెల రోజుల్లో చనిపోయినవాళ్లు ప్లాస్మా ఇచ్చిన వైపు 23 శాతం, ఇవ్వని వైపు 33 శాతం. కాంబాట్ అనే ఇంకో దాంట్లో నగరంలో అంబులెన్స్‌లో ఇచ్చారు, ఏ తేడా లేదు. రెండిటినీ కలిపి చూసినప్పుడు తేలింది ఏమిటంటే, ప్రయాణం ఇరవై నిమిషాలు దాటినచోట ప్లాస్మా పనికొచ్చింది. దగ్గర్లోనే ఆసుపత్రి ఉంటే దాన్ని ఎక్కించే లోపే గుమ్మం వచ్చేస్తుంది.

దీనికి తోడు 2022లో రెఫిల్ పరీక్ష. 432 మందికి దారిలో ప్యాక్డ్ సెల్స్, పొడి ప్లాస్మా ఒకవైపు, సెలైన్ ఒకవైపు. తేడా కనపడలేదు. దీన్ని చూపించి "రక్తమూ సెలైనూ ఒకటే" అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. దారిలో ఇవ్వగలిగేది ఒకటో రెండో సంచులు, దాన్నిబట్టి ఆసుపత్రిలో పది సంచులు పట్టే మనిషి గురించి తీర్మానం చెయ్యలేం. కానీ దారిలో రక్తం ఎక్కించడానికని రోడ్డు పక్కన ఆగి పావుగంట పోగొట్టుకోవద్దని మాత్రం అది గట్టిగానే చెప్పింది.

ఫ్రీజర్‌లోంచి తీసిన ప్లాస్మా కరగడానికి పట్టే టైమే అసలు గొడవ. కేసులు ఎక్కువగా వచ్చే చోట కరిగించిన ప్లాస్మాని ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంచుతారు, ఐదు రోజుల దాకా వాడుకుంటారు. గ్రూప్ తెలియనప్పుడు ఏబీ ప్లాస్మా, అది అరుదు కాబట్టి చాలాచోట్ల ఏ గ్రూప్‌ది. ఎర్ర కణాలకి ఓ అయితే ప్లాస్మాకి ఏబీ, తలకిందులన్నమాట. రాత్రి మూడింటికి దీన్ని తడబడకుండా చెప్పగలిగేవాళ్లు తక్కువే, గోడ మీద రాసి అంటించుకోండి.

1:1:1

పెద్ద సెంటర్లలో ఇప్పుడు నడిచేది ఇదే. ఒక ప్యాక్డ్ సెల్స్‌కి ఒక ప్లాస్మా, ఒక వంతు ప్లేట్‌లెట్లు. 2015లో వచ్చిన ప్రాపర్ పరీక్షలో 680 మందిని 1:1:1, 1:1:2 అని రెండు వైపులుగా చేశారు, రెండోదాంట్లో ఎర్ర కణాలు రెట్టింపు. 24 గంటల్లో మొత్తం మరణాలు 12.7 శాతం, 17 శాతం. చూడ్డానికి తేడా ఉన్నా గణాంకాల పరంగా అది తేలలేదు. రక్తం పోయే చనిపోయినవాళ్లు మాత్రం మొదటి దాంట్లో 9.2 శాతం, రెండోదాంట్లో 14.6 శాతం, ఇది తేలిన తేడా. రక్తం కారుతుండడమే మన రోగికి జబ్బు అయినప్పుడు నాకు ఈ రెండో అంకే ముఖ్యం.

దీనికో లోపం ఉంది, ఎవరూ పెద్దగా మాట్లాడరు. మూడు వేర్వేరు సంచుల్లో ఉన్నదాన్ని తెచ్చి కలిపితే మళ్లీ రక్తం అవ్వదు. నిల్వ ద్రావణాలు, సిట్రేట్ కలిసి అంతా పలచబడి ఉంటుంది, కలిపాక హిమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 29 దగ్గర, ప్లేట్‌లెట్లు 90 వేలకి లోపు, గడ్డ కట్టించే శక్తి మామూలులో మూడింట రెండొంతులు. అంటే పూర్తిగా సరిగ్గా చేసినా మనం ఎక్కించేది పలచటి రక్తమే. ఇక మధ్యలో సెలైన్ కూడా పోస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

ప్లేట్‌లెట్లు 20–24 డిగ్రీల్లో ఊపుతూ ఉంచాలి, ఐదు రోజులకి అటూఇటూ పాడైపోతాయి, అందుకే చిన్న ఆసుపత్రుల్లో ఉండవు. లేవని ఆగిపోకండి, రెండిటితోనే 1:1 నడిపించండి. అన్నిటికంటే ముందు తగ్గిపోయేది ఫైబ్రినోజెన్ అనే గడ్డ కట్టించే ప్రోటీన్, లీటరుకి 1.5 గ్రాముల కన్నా తగ్గితే క్రయో (ప్లాస్మా నుంచి తీసిన, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే భాగం) ఇవ్వాలి. అలాగని రాగానే అందరికీ గుడ్డిగా క్రయో ఇస్తే లాభం లేదని 2023 నాటి క్రయోస్టాట్-2 చూపించింది, 1,600 మందికి పైగా రోగుల మీద, మరణాలు 25.3 శాతం ఒకవైపు, 26.1 ఇంకోవైపు. కాబట్టి నిష్పత్తితో మొదలుపెట్టి, రిపోర్టులు రావడం మొదలయ్యాక వాటిని బట్టి నడవడం మేలు.

హోల్ బ్లడ్

ఒక సంచి, ఒక లైన్, అన్నీ అందులోనే. 450 మి.లీ. రక్తానికి 63 మి.లీ. నిల్వ ద్రావణం, అంతే పలచన. మూడు సంచుల గ్రూపులు, గడువులు చూసుకునే పని ఒక్క సంచికి దిగుతుంది. ముగ్గురు నర్సులు చేసే పని ఒక్కరు చేస్తారు, అర్ధరాత్రి ఇద్దరే ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. సైన్యాల్లో దశాబ్దాలుగా వాడారు, ఇప్పుడు ఊళ్లలోని ట్రామా సెంటర్లకీ తిరిగొచ్చింది.

గ్రూప్ తెలియనప్పుడు యాంటీ-ఏ, యాంటీ-బీ (వేరే గ్రూపు కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు) తక్కువగా ఉన్న ఓ గ్రూప్ హోల్ బ్లడ్ కావాలి, అంటే దాతల్ని ముందే పరీక్షించి ఎంచుకోవాలి. ద్రావణాన్ని బట్టి 21 నుంచి 35 రోజులు నిల్వ. వారానికి ఒక్క కేసు వచ్చే చోట సగం సంచులు గడువు దాటిపోతాయి, ఆ రక్తాన్నే విడగొట్టి ఉంటే ముగ్గురికి పనికొచ్చేది. బ్లడ్ బ్యాంక్ వాళ్లు దీనికి వెనకాడతారంటే వాళ్ల వైపు న్యాయం ఉంది.

నా మొగ్గు దీని వైపే, దాచుకోవడం ఎందుకు. కానీ "హోల్ బ్లడ్ వచ్చేదాకా ఆగుదాం" అనే మాట క్యాజువాల్టీలో వినపడకూడదు.

ఏది ఎంచుకున్నా పక్కన ఉండాల్సినవి

ట్రానెక్సామిక్ యాసిడ్‌కి (కట్టిన గడ్డ కరిగిపోకుండా ఆపే మందు) పోటీ ఏమీ లేదు, అది అందరితోపాటు వెళ్లాలి. 1 గ్రాము పది నిమిషాల్లో, ఇంకో గ్రాము ఎనిమిది గంటల్లో. 2010లో 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగుల మీద జరిగిన క్రాష్-2 పరీక్షలో మొత్తం మరణాలు 16 శాతం నుంచి 14.5కి తగ్గాయి. అసలు కిటుకు టైమ్‌లో ఉంది. దెబ్బ తగిలిన గంట లోపు ఇస్తే రక్తం పోయి చనిపోవడం 7.7 శాతం నుంచి 5.3కి తగ్గింది, మూడు గంటలు దాటాక ఇస్తే తగ్గకపోగా పెరిగింది. కాబట్టి "దెబ్బ ఎప్పుడు తగిలింది" అని అడగడం మర్చిపోవద్దు. వెంట వచ్చినవాళ్లకే తెలుస్తుంది, వాళ్లు బిల్లు కౌంటర్‌కి వెళ్లకముందే అడగండి.

కాల్షియం సంగతి చాలామంది వదిలేస్తారు. సంచుల్లోని సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం లేకపోతే రక్తం గడ్డ కట్టదు, గుండె గట్టిగా కొట్టుకోదు. మొదటి సంచులతోనే 10 శాతం కాల్షియం క్లోరైడ్ 10 మి.లీ., లేదా గ్లూకోనేట్ 30 మి.లీ. గ్లూకోనేట్ ఒక్క ఆంప్యూల్ ఇచ్చి ఇచ్చేశాం అనుకోవద్దు, అందులో క్లోరైడ్‌లో ఉన్న దాంట్లో మూడో వంతే కాల్షియం ఉంటుంది. క్లోరైడ్ నరం బయటికి పోతే చర్మం కాలిపోతుంది, లైన్ బాగుందో లేదో చూసుకోండి.

నార్ఆడ్రినలిన్ లాంటి వాసోప్రెసర్ (నాళాల్ని బిగించి బీపీ పెంచే మందు) ఖాళీ నాళాన్ని పిండుతుంది, నింపదు. రక్తం వచ్చేలోపు గుండె ఆగిపోయేలా ఉంటే కొద్దిసేపు, అంతే. పీసీసీ (గడ్డ కట్టించే ప్రోటీన్లని గాఢంగా చేసిన మందు) వార్ఫరిన్ అనే రక్తం పలచన చేసే మందు వాడేవాళ్లకి విటమిన్-కే తోపాటు తప్పకుండా ఇవ్వాలి. మిగతావాళ్లకి 2023లో వచ్చిన ప్రోకోయాగ్ పరీక్షలో రక్తం అవసరమేమీ తగ్గలేదు, గడ్డలు కట్టే సమస్యలు మాత్రం పెరిగాయి. బృహద్ధమనిలో బెలూన్ ఉబ్బించే రెబోవా గురించి ఉత్సాహం ఎక్కువ. యూకే-రెబోవాలో 90 మందిలో అది వాడిన వైపు 54 శాతం, వాడని వైపు 42 శాతం చనిపోయారు. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక క్యాన్యులా. ఏది ఎక్కించాలని ఇంత వాదించుకుని, చివరికి గులాబీ రంగు 20 గేజ్ క్యాన్యులాకి తగిలించామనుకోండి, నిమిషానికి దాదాపు 60 మి.లీ. పోతుంది. బూడిద రంగు 16 గేజ్‌లో దానికి మూడు రెట్లు, నారింజ రంగు 14 గేజ్‌లో నాలుగు రెట్లు. పొట్టిగా, లావుగా ఉండాలి. పొడుగాటి సన్నటి సెంట్రల్ లైన్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది, రక్తం మాత్రం చుక్కలు చుక్కలుగా పోతుంది. చివర తగిలించే ఎక్స్‌టెన్షన్ గొట్టం తీసేయండి, అది కూడా వేగాన్ని మింగేస్తుంది. నరం దొరకకపోతే రెండుసార్లు ప్రయత్నించి ఎముకలోకి సూది దించి అందులోంచి ఎక్కించండి. వార్మర్ ముందే ఆన్ చెయ్యండి. 4 డిగ్రీల రక్తం ఆరు సంచులు నేరుగా గుండెకి పంపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

బీపీ ఎంత దాకా? తలకి దెబ్బ ఉంటే?

కారుతున్నది ఆగేదాకా పై బీపీ 80–90 చాలు, మణికట్టు నాడి తగిలి, మనిషి మాట్లాడుతుంటే చాలు. ఆగాక మామూలుకి తీసుకురావాలి. వినడానికి సులువుగా ఉంటుంది. చుట్టాలు మానిటర్ వైపు చూస్తూ "తక్కువుంది సార్" అంటుంటే చేతులు కట్టుకుని నిలబడడం చాలా కష్టం.

తలకి గట్టి దెబ్బ తగిలితే ఇది తలకిందులవుతుంది. దెబ్బతిన్న మెదడుకి ఒక్కసారి బీపీ పడినా నష్టమే. వయసు 15–49 మధ్య, లేదా 70 దాటితే పై బీపీ 110 తగ్గకూడదు, 50–69 మధ్య అయితే 100.

మరి తలకి దెబ్బ, కడుపులో రక్తం రెండూ ఉంటే? అన్నిటికన్నా చిక్కుముడి ఇదే. నేను మెదడు వైపే నిలబడతాను, ఎందుకంటే కడుపులో ఇంకాస్త కారితే తిరిగి ఎక్కించొచ్చు, పోయిన మెదడు తిరిగి రాదు. కానీ ఆ 110ని సెలైన్‌తో తేకూడదు, రక్తంతో, ప్లాస్మాతో తేవాలి. అది అందేదాకా వాసోప్రెసర్‌ని కొద్దిగా వాడడానికి నాకు అభ్యంతరం లేదు. ఇలాంటి కేసులో స్కాన్‌కి ముందా ఓటీకి ముందా అన్న వాదన ఎప్పుడూ వస్తుంది. ఎక్కిస్తున్నా బీపీ నిలబడట్లేదంటే ఓటీకే.

పెద్దవాళ్లలో, ఎప్పటినుంచో బీపీ ఉన్నవాళ్లలో 90 అంటే వాళ్ల కిడ్నీలకి, గుండెకి చాలా తక్కువ. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడుతుంటే పల్స్ పెద్దగా పెరగకపోవచ్చు, ఇందాక చెప్పిన భాగాహారం వాళ్ల దగ్గర అబద్ధం చెబుతుంది. గర్భిణి అయితే 20 వారాలు దాటాక గర్భాన్ని ఎడమ వైపుకి జరిపి పట్టుకోండి, లేకపోతే ఎంత ఎక్కించినా గుండెకి తిరిగి రాదు. పిల్లలకి కిలోకి 10 మి.లీ. చొప్పున లెక్క.

మీరెక్కడున్నారు?

అంబులెన్స్‌లో ఉంటే: నొక్కండి, బిగించండి, కప్పండి, బయల్దేరండి. ట్రానెక్సామిక్ యాసిడ్ దారిలోనే. క్యాన్యులా కదులుతున్న బండిలో పెట్టండి, దానికోసం ఆగొద్దు. నాడి తగలకపోతేనే 250 మి.లీ. ప్రయాణం ఇరవై నిమిషాలు దాటి, బండిలో ప్లాస్మానో రక్తమో ఉంటే అది వాడాల్సిన చోటు ఇదే. చేరబోయే ఆసుపత్రికి ముందే ఫోన్ చెయ్యడం ఆ రెండు సంచులకన్నా విలువైనదని నా అభిప్రాయం, ప్లాస్మా కరగడం అప్పుడే మొదలవుతుంది.

బ్లడ్ బ్యాంక్ లేని చిన్న ఆసుపత్రిలో ఉంటే: సెలైన్ తప్పదు, సిగ్గుపడక్కర్లేదు, వెచ్చగా చేసి కొద్దికొద్దిగా ఇవ్వండి. ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఎక్కువ ఎక్కించడం కాదు, బీపీ కాస్త లేచాక "స్టేబుల్ అయ్యాడు" అని పంపడం ఆలస్యం చెయ్యడం. వచ్చిన పది నిమిషాల్లోనే పైకి పంపే ఫోన్ వెళ్లిపోవాలి.

ప్యాక్డ్ సెల్స్, ప్లాస్మా ఉండి ప్లేట్‌లెట్లు లేని చోట ఉంటే: 1:1తో నడపండి, కాల్షియం మర్చిపోవద్దు, ఓటీలో సర్జన్ తక్కువ పని చేసి త్వరగా బయటపడేలా ముందే మాట్లాడుకోండి. ప్యాకింగ్ పెట్టి, కట్టి, మిగతా రిపేరు రేపో ఎల్లుండో.

అన్నీ ఉన్న పెద్ద సెంటర్‌లో ఉంటే: హోల్ బ్లడ్ ఉంటే దానితో మొదలు, అయిపోతే 1:1:1. ఇక్కడ కొరత సంచులది కాదు, లెక్కది. ఆరుగురు కలిసి ఎక్కిస్తుంటే ఎన్ని వెళ్లాయో ఎవరికీ తెలియదు. మేం ఇప్పుడు ఒకరిని ఆ పనికే పెడుతున్నాం. చేతిలో మార్కర్, స్ట్రెచర్ కమ్మీకి అంటించిన తెల్ల ప్లాస్టర్ ముక్క. సంచి తగిలించిన ప్రతిసారీ గీత గీసి అంకె పైకి చదవాలి. నాలుగు అనగానే కాల్షియం ఇంకోసారి, ఎనిమిది అనగానే మళ్లీ, దాంతోపాటు ఫైబ్రినోజెన్‌కి శాంపిల్. సర్జన్ లోపల క్లాంప్ వేశానని అరిచినప్పుడు గీతలు ఆపి బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసేది కూడా ఆ మనిషే, ఎందుకంటే ఫ్రిజ్ బయట అరగంట దాటిన ప్యాకెట్‌ని వాళ్లు తిరిగి తీసుకోరు.